పసుపు రాసిన నడవ

గవ్వలపేట వాళ్ళతో మాటలు పెట్టుకోకండి. పెట్టుకున్నారా, రెండో మాటకే మిమ్మల్ని చెయ్యి పట్టుకుని సముద్రం ఒడ్డుకి లాక్కుపోతారు. "మా నడవ సూసినారా?" అంటారు. చూడలేదంటే మీమీద జాలిపడతారు. చూశామన్నారా, "ఏ పూట సూసినారు? సాయంత్రం పూట సూడాలి గదా!" అని మళ్ళీ బయల్దేరదీస్తారు. ఎటు చెప్పినా తప్పదు.

నడవ అంటే ఇంట్లో ఉండే నడవ కాదు. పేట చివరి ఇళ్ళ దగ్గర మొదలై, ఒడ్డు వెంబడే దీపస్తంభం దాకా సాగిన చెక్కల బాట. కింద అలలు కొట్టుకుంటుంటాయి, పైన జనం తిరుగుతుంటారు. సర్కారు కాగితాల్లో దానికి ‘సజీవ ఫలక తీర రక్షణ మార్గం’ అని బారెడు పేరుంది. ఆ పేరు తడబడకుండా పలికినవాడు పేటలో ఇంతవరకూ లేడు. ఇంటికి నడవ ఎలాగో ఊరికి ఇది అలాగ, అందుకని నడవ అన్నారు. అదే స్థిరపడిపోయింది.

పొద్దున్నే ఆడవాళ్ళు గంపలు దించుకుని బేరాలాడేది దానిమీదే. మగవాళ్ళు వలలకి పడ్డ చిరుగులు కుట్టుకునేదీ, సాయంత్రం మరమరాలు కలిపే మురీ మిక్చరు బండి చుట్టూ మూగేదీ దానిమీదే. పరీక్షలొస్తే పిల్లలు పుస్తకాలతో అక్కడికే చేరతారు, చదువుతారా లేదా అన్నది వేరే సంగతి. అలిగిన కోడలు వెళ్ళి కూర్చునేది అక్కడే, ఆమెని బతిమాలడానికి అత్తగారు వెళ్ళేదీ అక్కడికే. బతిమాలడానికి వెళ్ళిన అత్తగారు కూడా గాలి బాగుందని కూర్చుండిపోతే ఇంట్లో పొయ్యి వెలిగించేవాళ్ళు లేక మగవాళ్ళు పడ్డ పాట్లు పేటలో అందరికీ తెలిసినవే.

ఇంతకీ అసలు సంగతి చెప్పలేదు. ఆ నడవకి ప్రాణం ఉంది. మాటవరసకి అంటున్నది కాదు, నిజంగానే ఉంది.

దానికి ప్రాణం పోసింది గవ్వలపేట పిల్లే. చేపలమ్మే మైలపల్లి ఎర్రమ్మ కూతురు నీలవేణి. చిన్నప్పుడు తండ్రి పడవ అడుగున అంటుకున్న ఆల్చిప్పల్ని కత్తితో గోకి గోకి ఆ పిల్ల అరచేతులు బొబ్బలెక్కేవి. ఎంత గోకినా నెల తిరక్కుండా మళ్ళీ అంటుకునేవి. "దేంతో అతుకుతున్నాయే ఇవి?" అని అప్పుడు పట్టుకున్న ప్రశ్నని ఆమె డాక్టరేటు దాకా వదల్లేదు. కొండమీది సముద్ర పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వచ్చాక జవాబు దొరికింది. చిప్పల సందుల్లో కంటికి కనిపించని ఓ సూక్ష్మజీవి ఉప్పునీళ్ళలోని సున్నాన్ని లాక్కుని రాయిలాంటి జిగురు అల్లుతోంది. దాన్ని తెచ్చి సరుగుడు చెక్కలో పెంచింది.

తొలి చెక్క తయారైన రోజున తల్లిని కేంద్రానికి తీసుకెళ్ళింది నీలవేణి. గాజుతొట్టెలో ఉప్పునీళ్ళు, నీళ్ళలో చెక్క, చెక్కమీద టకటకా కొడుతున్న చిన్న యంత్రం. ఎన్ని దెబ్బలకి విరుగుతుందో చూడటానికి పెట్టిన యంత్రం అది.

"దీన్ని కోసి చూడమ్మా," అంది నీలవేణి.

ఎర్రమ్మ మొహమాటపడే మనిషి కాదు. నడుముకి దోపుకున్న చేపలకత్తి తీసి ఒక్క గాటు పెట్టింది. వారం తిరిగాక మళ్ళీ వచ్చి చూస్తే గాటు పూడిపోయి, సన్నటి తెల్లని గీత మాత్రం మిగిలింది.

"ఓలమ్మో! ఇది సెక్క కాదే. మడిసి!" అంది ఎర్రమ్మ. ఆ కబురు ఆమె చేపల గంపతో పాటు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది.

గవ్వలపేటని సముద్రం ఏటేటా కొరుక్కుతింటోంది అప్పటికి. రాతిగట్టు వేశారు, పోయింది. సిమెంటు గోడ కట్టారు, అదీ పోయింది. నీలవేణి చెక్కలు వేస్తే వాటి కాళ్ళు ఇసుకలోకి దిగి, అడుగున రాళ్ళని పట్టుకుని, ఒడ్డుని కావలించుకున్నట్టు నిలబడ్డాయి. పైవాళ్ళు ఒక్క షరతు పెట్టారు. తుఫాను కాలం తట్టుకుని నిలిస్తే తీరంలోని ఊళ్ళన్నిటికీ వేస్తారు. ఈలోగా బలం తగ్గితే మాత్రం జనం పడకుండా పీకి పారేస్తారు. పీకేస్తే పేటకి అడ్డు ఇంకేమీ లేదు.

ఆ తుఫాను కాలం మొదలవుతుండగానే నడవ మెత్తబడింది.

మెత్తబడింది సముద్రం వైపు కాదు, పేట వైపు. జనం ఎక్కే మొదట్లోనే. నీలవేణి బొటనవేలితో నొక్కితే చెక్క టీలో ముంచిన బిస్కట్టులా దిగబడింది. కేంద్రం డైరెక్టరు గోవర్ధనం గారు స్వయంగా వచ్చి చూశారు. ఆయన చెడ్డవాడేం కాదు, భయస్తుడు. నలుగురి బాగోగులు నెత్తిమీదున్నవాడికి భయం ఉండటం తప్పు కూడా కాదు.

"జనం తొక్కిడికి నలిగిపోతోందమ్మా. కొన్నాళ్ళు విశ్రాంతి ఇద్దాం. గేటు పెట్టించు. ఒక్క పిల్లాడు కింద పడినా మనకి నిద్ర పట్టదు," అన్నారు.

నీలవేణికీ అది సబబుగానే తోచింది. ఒంట్లో బాగాలేని వాళ్ళకి విశ్రాంతి ఇస్తాం కదా. గేటు పెట్టించి, తాళం తన చేత్తోనే వేసింది.

పేట చిన్నబోయింది. తిట్టలేదు, అదే వింత. తిట్టి ఉంటే నీలవేణికి కొంత తేలికగా ఉండేది. అందరూ వచ్చి గేటు ముందు ఇసుకలో నిలబడి, కాసేపు చూసి, ఇళ్ళకి వెళ్ళిపోయేవారు. మురీ మిక్చరు బండి వాడు రెండు పూటలు ఖాళీగా నిలబడి మూడోపూట నుంచి రావడం మానేశాడు. ఇళ్ళల్లో ఉక్కపోతకి చిన్న చిన్న తగాదాలు పెద్దవయ్యాయి. కూర్చుని సర్దుకోవడానికి చోటు లేదు మరి.

ఎర్రమ్మ కూతురికి కంచంలో అన్నం పెట్టేది, కూర వేసేది, మాట మాత్రం ఆడేది కాదు. "నా కూతురు కట్టినాది" అని పది ఊళ్ళలో చెప్పుకున్న నోరు. "నీ కూతురే తాళమేసిందటగా?" అని ఆ పది ఊళ్ళూ అడుగుతుంటే ఆ నోటికి జవాబు దొరకలేదు.

విశ్రాంతి ఇచ్చాక బాగుపడిందా? లేదు సరికదా, నడవ మధ్యభాగం, మొన్నటిదాకా ఇనుములా ఉన్నది, అదీ సడలడం మొదలెట్టింది. నీలవేణి చెక్కని సుత్తితో కొడితే ఇదివరకు ఖంగుమనేది, ఇప్పుడు బొద్దుమంటోంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని రేడియో చెప్పింది.

ఆ మధ్యాహ్నం ప్రయోగశాలలో కూర్చుని ఉండగా, మూల తొట్టె దగ్గర ఏదో లోటుగా అనిపించింది. ఏమిటా అని చెవి పెట్టింది. చప్పుడు లేదు. ఆ తొట్టెలో యంత్రం ఎప్పుడో చెడిపోయింది, నడవ గొడవలో పడి ఎవరూ పట్టించుకోలేదు. కొట్టే దెబ్బ లేదు కాబట్టి ఆ తొట్టెలో చెక్క మిగతావాటికంటే గట్టిగా ఉండాలి. తీసి రెండు చేతులా వంచింది. పుటుక్కున విరిగింది.

పక్క తొట్టెలో చెక్క తీసింది. పెట్టిన నాటి నుంచి ఆగకుండా దెబ్బలు తింటున్న చెక్క అది. వంచితే వంగలేదు, నేలకేసి కొట్టినా బీట పడలేదు.

నీలవేణి ఆ రెండు చెక్కల్నీ ఒళ్ళో పెట్టుకుని నేలమీదే చతికిలబడింది. ఆల్చిప్పని అలలు రోజంతా కొడతాయి. ఆ కుదుపుంటేనే ఈ జీవి జిగురు అల్లుతుంది. అలలు అందని పైచెక్కలకి ఆ కుదుపు ఎవరిస్తున్నారు? బేరాలాడే ఆడవాళ్ళు, పరిగెత్తే పిల్లలు, అలిగి విసవిసా నడిచే కోడళ్ళు! చెక్కని పరీక్షించడానికి పెట్టాననుకున్న యంత్రం దానికి అన్నం పెడుతోంది. జనం తొక్కి నడవని నలిపెయ్యలేదు, పెంచి పోషించారు. విశ్రాంతి పేరు చెప్పి తను దాన్ని పస్తులు పెట్టింది. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మరి అందరూ ఎక్కే మొదటి చెక్కలే ముందు ఎందుకు మెత్తబడ్డాయి? అన్నిటికంటే అవే కదా గట్టిగా ఉండాలి?

పేటకి పరిగెత్తుకొచ్చి, గేటు పక్కన ఇసుకలో మోకాళ్ళమీద కూర్చుని మెత్తబడ్డ చెక్కని గోటితో గీకింది. గోరు పచ్చబడింది. వాసన చూసింది. చూడక్కర్లేని వాసన అది, పుట్టినప్పటి నుంచి ఎరిగినదే. పసుపు.

అప్పుడు గుర్తొచ్చింది. నడవ తెరిచిన రోజున ఎర్రమ్మ కొత్త కోక కట్టుకుని, అందరికంటే ముందొచ్చి, మొదటి చెక్కలకి ఇంటి గడపకి రాసినట్టు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. నీలవేణి పక్కనే నిలబడి మురిసిపోయింది. ఫొటో కూడా తీయించుకుంది. ఆ తరువాత ఆ సంగతే మరిచిపోయింది. పేటలో ఆడవాళ్ళు మరిచిపోలేదు.

ఇంటికి వెళ్ళేసరికి ఎర్రమ్మ పెరట్లో పీట వేసుకుని పండుగప్ప చేప పొలుసు కత్తితో గీకుతోంది.

"అమ్మా, నడవకి పసుపు రాస్తున్నారా మీరు?"

కూతురు పసుపు ఊసెత్తేసరికి ఎర్రమ్మ మౌనవ్రతం మరిచిపోయింది. మొహం విప్పారింది. "రాయకుండా ఎలాగుంటామే? శుక్రారం శుక్రారం రాస్తన్నాం. ముందు నానే మొదలెట్టినాను. ఇప్పుడు పేటలో ఆడోళ్ళందరూ నువ్వా నానా అని రాస్తన్నారు. నువ్వు తాళమేసినా గేటు సందులోంచి సెయ్యెట్టి రాసినాం. నా కూతురు కట్టిన గడప, బోసిగా వొదిలేస్తానేటి?"

నీలవేణి అబద్ధం చెప్పేద్దామా అనుకుంది. ఉప్పుగాలి వల్లనో, చెక్కలోనే లోపముందనో చెప్పేస్తే తల్లి మనసు పదిలంగా ఉంటుంది. కానీ వచ్చే శుక్రవారం మళ్ళీ రాస్తుంది. అందుకని పక్కన కూర్చుంది.

"దెబ్బ తగిలితే పసుపెందుకు పెడతామమ్మా?"

"సీము పట్టకుండా. పురుగు సస్తాది గదా."

"నడవని కడుతున్నదీ అలాంటి పురుగేనమ్మా. కంటికి కనబడదు. మనం పసుపు రాసిన చోట అది చచ్చిపోయింది."

ఎర్రమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. చేప పీటమీద నుంచి జారి నేలమీద పడితే తీయలేదు.

"అంటే... నా సేత్తో నానే..."

"తెలీక చేశావమ్మా."

"నా కూతురు కట్టినాదని, దిష్టి తగలకూడదని రాసినానే! నా దిష్టే తగిలిందేటే దానికి!" అని ఎర్రమ్మ తలమీద చెయ్యి పెట్టుకుని భోరుమంది. చెయ్యంతా చేప పొలుసులు. తుఫానుల్లో, చావుల్లో పదిమందికీ ధైర్యం చెప్పిన మనిషి అలా ఏడుస్తుంటే నీలవేణి తట్టుకోలేక తల్లిని వాటేసుకుని తానూ ఏడ్చింది. ఇద్దరూ చేపవాసన కొడుతూ చాలాసేపు అలాగే ఉండిపోయారు.

ఎర్రమ్మే ముందు తేరుకుంది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఏడిస్తే ఏటొస్తాది. ఇప్పుడేటి సెయ్యాలో సెప్పు," అంది.

"నడవాలమ్మా. పేటంతా దానిమీద నడవాలి. గట్టిగా, తుఫాను వచ్చేదాకా."

"తాళముంది గదా?"

"నేను వేసిందే కదా," అంది నీలవేణి.

డైరెక్టరు గారికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. "నువ్వు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు. కానీ మూసిన బాటమీదికి తుఫాను ముందు జనాన్ని ఎక్కిస్తానంటే నేను సరే అనలేను. అనుమతి లేకుండా తీశావంటే నీ ఉద్యోగం నా చేతుల్లో ఉండదమ్మా," అన్నారాయన.

"మీరు వద్దనాలి, అన్నారు సార్. నేను తీయాలి, తీస్తాను," అని ఫోను పెట్టేసింది.

గేటు తాళం తీసి, మెత్తబడ్డ మొదటి భాగానికి అడ్డంగా తాళ్ళు కట్టించింది. గట్టిగా ఉన్నచోట ఇసుకలోంచి నిచ్చెన వేయించి, సుత్తితో కొట్టి చూసుకుంటూ ముందు తానే ఎక్కింది. వెనకాల ఎర్రమ్మ ఎక్కింది. ఆమె వెనక పేటంతా ఎక్కింది.

అదీ నడకంటే! ఆడవాళ్ళు బరువు చాలదేమోనని గంపల్లో తడి ఇసుక నింపుకుని నెత్తిన పెట్టుకున్నారు. బడిపిల్లలకి పరిగెత్తమని పెద్దవాళ్ళే చెప్పడం వాళ్ళకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు, ఇంక పట్టపగ్గాల్లేవు. భారీ మనిషి పైడయ్యని చూసి, "మావా, నువ్వు ఇంకో సుట్టు తిరుగు, నీ ఒక్కడితో పేట బతికీస్తాది!" అని మరదళ్ళు ఆటపట్టించారు. ఆయన మీసం తిప్పి మూడు చుట్లు తిరిగాడు. రెండో పూటకి పక్కూరి నుంచి తప్పెటగుళ్ళ జట్టు దిగింది. గుండెలమీద తప్పెట్లు, కాళ్ళకి గజ్జెలు. ఆ జట్టు పెద్ద సూర్రావు తాత, "ఎక్కడ గెంతాలమ్మా?" అని నీలవేణిని అడిగాడు.

"ఎక్కడైనా గెంతు తాతా. ఎంత గెంతితే అంత మేలు."

"ఇన్నేళ్ళూ మెల్లిగా గెంతండ్రా, అరుగులు కూలిపోతాయన్నోళ్ళే గానీ, ఇలాగ అడిగినోళ్ళు లేరు," అని తాత మురిసిపోయి మొదటి గెంతు గెంతాడు. జట్టంతా ఒక్కసారి గాల్లోకి లేచి ఒక్కసారి దిగింది. నడవ అడుగున అలలే బెదిరాయా అన్నట్టుంది ఆ చప్పుడు. ఒక జట్టు అలిసిపోతే పేట కుర్రకారు గజ్జెలు కట్టుకుంది. మురీ మిక్చరు బండి వాడు వచ్చి ఆ పూట అందరికీ ఊరికే పంచాడు. మబ్బు కమ్ముకొస్తోంది, గాలి ముదురుతోంది, ఎవరి మొహంలోనూ భయం లేదు. నీలవేణి సుత్తి పట్టుకుని చెక్క చెక్కా కొట్టుకుంటూ వెళ్ళింది. బొద్దుమన్న చెక్కలు ఒక్కొక్కటే ఖంగుమనడం మొదలెట్టాయి. ఆమె వెనక్కి తిరిగి గెంతుతున్న జనాన్ని చూసింది. నా ఊరు ఇది, అనుకుంది.

తుఫాను ఒడ్డుని తాకేముందు అందరూ షెల్టరుకి చేరారు. గాలి ఎంత ఊళపెట్టిందో, సముద్రం ఎంత ఎత్తు లేచిందో చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. తెల్లారాక ఏమైందో చెబుతాను.

నడవ నిలబడింది. దీపస్తంభం దాకా ఒక్క చెక్క కదల్లేదు. దాని వెనక లాగి పెట్టిన పడవలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పేటలో ఒక్క ఇంటి గోడ కూలలేదు. పసుపు రాసిన మొదటి ముక్క మాత్రం సముద్రంలో కలిసిపోయింది. ఎర్రమ్మ ఆ ఖాళీ ముందు నిలబడి కాసేపు చూసింది. "నా ముక్క పోయినాది," అంది. తరువాత మిగతా నడవ వైపు తిరిగి, "నా పిల్ల ముక్క నిలబడినాది," అంది.

నీలవేణి ఉద్యోగం పోయింది. ఉత్తర్వు మీరినందుకు కేంద్రం నుంచి తప్పించారు. గోవర్ధనం గారు తన వంతు అడ్డుపడి చూశారు గానీ మాట చెల్లలేదు. నడవ పథకం తీరమంతటికీ మంజూరైంది. నడవ దగ్గర నల్లరాతి ఫలకం పెట్టి దానిమీద చాలామంది పేర్లు చెక్కించారు. నీలవేణి పేరు లేదు. పక్క పట్నంలో హైస్కూలు టీచరుగా చేరిందామె. ప్రయోగశాలలో తొట్టెల చప్పుడు గుర్తొచ్చినప్పుడు మటుకు చెబుతున్న పాఠం ఆపి బల్లమీద వేలితో టకటకా కొడుతుంది. బాధ లేదంటే అబద్ధమే.

ఇక నడవ సంగతా? ఆకలి తీరిన పిల్లలా ఎదిగింది. పోయిన ముక్కని మళ్ళీ అల్లుకుని అక్కడితో ఆగిందా, ఆగలేదు. జనం అడుగు పడ్డ చోటల్లా పాకుతూ వీధిలోకొచ్చింది. పడవలు లాగే ఇసుకని గట్టిపరచబోయింది. పడవలు ఎక్కడ లాగాలిరా దేవుడా అని మగవాళ్ళు తలలు పట్టుకున్నారు. ఓ ఆదివారం పొద్దున్నే నీలవేణి లేచి చూస్తే, ఎర్రమ్మ పసుపుగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తెల్లటి జిగురు పొర ఒకటి గడప దాకా వచ్చి ఆగింది.

"ఒలే నీలా, ఇది నా కొంపలోకి ఒచ్చీసేలాగుంది. రాసీమంటావా?"

నీలవేణి తల్లిని చూసింది, గిన్నెని చూసింది. ఇద్దరికీ ఒక్కసారే నవ్వు ముంచుకొచ్చింది. నవ్వి నవ్వి కడుపు పట్టుకున్నాక, "రాయమ్మా. నువ్వే రాయి," అంది నీలవేణి. ఎర్రమ్మ గడప పొడుగునా పసుపు గీత గీసింది. పడవల ఇసుక చుట్టూ ఇంకోటి గీసింది. నడవ ఆ గీతలు దాటలేదు. పసుపు గీత ఎంత మందం ఉండాలో, ఎన్నాళ్ళకోసారి గీయాలో సెలవు రోజుల్లో నీలవేణి తేల్చి గోవర్ధనం గారికి రాసి పంపింది.

ఏడాది తిరిగాక కొత్త చెక్కలతో ఇసుకపాలేనికి మొదటి లారీ బయల్దేరింది. గవ్వలపేట నడవలోంచి కోసిన పిలకలు అవి. తీసుకెళ్ళడానికి ఇసుకపాలెం ఆడవాళ్ళు కూడా వచ్చారు. గోవర్ధనం గారు నీలవేణి దగ్గరకొచ్చి, "ముందు నువ్వు చెయ్యి వెయ్యమ్మా," అని చెక్క అందించారు. ఆమె చెక్కని నిమిరి లారీలో పెట్టింది. డ్రైవరు ఇంజను పెట్టాడు.

"ఆగెహె!" అని లారీకి అడ్డంగా వచ్చింది ఎర్రమ్మ. "ఒట్టి సేతుల్తో పంపించీడానికి మాకేటి తక్కువ?"

కొంగులోంచి పసుపు పొట్లం తీసి ఇసుకపాలెం పెద్దావిడ చేతిలో పెట్టింది. "రోజూ దానిమీద నడవండి. ఎంత తొక్కితే అంత బలం దానికి. ఇది మటుకు దానిమీద రాయకండి. మీ గుమ్మాల ముందు గీత గీసుకోండి, అక్కడ ఆగుతాది. సెప్పిన మాట ఇంటాది."

"ఎవరిదమ్మా ఇది, ఎవరు కట్టినారని మావోళ్ళు అడిగితే?" అంది పెద్దావిడ.

నల్లరాతి ఫలకం పక్కనే ఉంది. ఎర్రమ్మకి చదువు రాదు, వచ్చినా దానివైపు చూసేది కాదు.

"గవ్వలపేట నీలవేణిదని సెప్పు. నా కూతురు," అంది.

లారీ కదిలింది. నీలవేణి కళ్ళు తుడుచుకుంది. సాయంత్రమవుతోంది, నడవకి ఆ పూట తిండి ఇంకా పెట్టలేదు. తల్లీకూతుళ్ళిద్దరూ నడవ ఎక్కి, దీపస్తంభం దాకా గట్టిగా అడుగులేసుకుంటూ నడిచారు.